ఆవిరి గొట్టం పక్కన పెద్ద పాట

మీరు పాటలు వినే తీరు చూస్తుంటాను. పల్లవి పూర్తికాక ముందే వేలితో పక్కకు తోసేస్తారు. ఇంకొకటి వస్తుంది, దాన్నీ తోసేస్తారు. తప్పు అనను, మీ ఫోను మీ ఇష్టం. కానీ పక్కకు తోయడానికి వీల్లేని పాట ఒకటి నా ఉద్యోగంలో నాకు తగిలింది. అరగంటకు కాస్త తక్కువ సేపు సాగుతుంది. అందులో ఒక్క మాట ఉండదు, పాడే మనిషి ఉండడు. దాని పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. మేమంతా దాన్ని ‘పెద్ద పాట’ అనేవాళ్ళం. అది మాకు చేసిన మేలు మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన ఉండే ఒక జ్యూసు ఫ్యాక్టరీలో నేను మేస్త్రిగా పనిచేసి, పోయిన సీజను తర్వాత మానుకున్నాను. జ్యూసు ఫ్యాక్టరీ అని పేరేగానీ అక్కడ తీసేది మామిడి గుజ్జు. మాగిన బెంగుళూర రకం మామిడి పండ్లు నీళ్ళలో మునిగి లేచి బెల్టు మీద వరసగా వస్తాయి. బెల్టు పొడవునా ఆడవాళ్ళం నిలబడి కుళ్ళినవి తీసి పారేయాలి, మచ్చ ఉన్నవి చిన్న కత్తితో చెక్కి వదలాలి. మా చేతులు దాటిన పండు నేరుగా మిషన్లో పడుతుంది. ఒక్క కుళ్ళు పండు లోపలికి పోయిందా, ఒక తొట్టి గుజ్జు మొత్తం పారబోయాల్సిందే.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయనకు తిరుచానూరులో పూల అంగడి ఉండేది. ఆ అంగడి బల్ల మీదే నాకు అక్షరాలు దిద్దించాడు. చదవడం, కూడికలు, గోవిందనామాలు అన్నీ దండలు కట్టుకుంటూనే నేర్చుకున్నాను. అమ్మవారి దయ, ఆ కాస్త చదువుతోనే నన్ను మేస్త్రిని చేశారు. ఫ్యాక్టరీ వాకిట్లో నిలబడితే దూరంగా తిరుమల కొండ కనబడేది. రోజూ ఒక దండం పెట్టుకుని లోపలికి పోయేదాన్ని. అంతకంటే గొప్ప ఉద్యోగం ఏముంటుంది చెప్పండి?

మా బెల్టు దగ్గర ఒక ఆచారం ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేటప్పటికే ఉంది. బెల్టు చివర, పండ్లు మిషన్లో పడే చోట, ఒక ఆవిరి గొట్టం పోయేది. దానికి ఎన్ని గుడ్డలు చుట్టినా పక్కన నిలబడిన మనిషి ఉడికిపోవాల్సిందే. ఆ చోటు ఎవరికీ సొంతం కాకూడదని, స్పీకర్లో పాట మారినప్పుడల్లా అందరూ ఒక చోటు ముందుకు జరిగేవాళ్ళు. గొట్టం పక్కనున్న మనిషి తిరిగి బెల్టు మొదటికి, ఫ్యాను కిందికి వచ్చేది. సినిమా పాటలన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే పొడవుంటాయి కాబట్టి న్యాయం జరిగిపోయేది.

జరిగిపోయేది అన్నానుగానీ, గొడవలూ జరిగేవి. తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఒక హీరో పాటలు అడిగేవాళ్ళు, నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళు అరవ పాటలు పెట్టమనేవాళ్ళు. తనకు గిట్టని మనిషి గొట్టం దగ్గరికి చేరగానే, మధ్యలో డైలాగులుండే సాగుడు పాట ఏరి పెట్టించే గడుసువాళ్ళూ ఉండేవాళ్ళు.

అందరిలోకీ ఇద్దరి గొడవ ఎక్కువ. ఒకామె మా అందరికంటే వయసులో పెద్దది, పెద్దామె అనే పిలిచేవాళ్ళం. పని నిదానంగానీ కన్ను గట్టిది, నవ్వు మొహం. ఆమెకు ఒకటే ఇబ్బంది. ఆవిరి దగ్గర ఒక పాట సేపు నిలబడగలదు. అది దాటితే కళ్ళు తిరిగేవి. రెండో ఆమె నగరి నుంచి వచ్చేది. చేయి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. ఆమె అభిమాన హీరో నడకను చూసి పెద్దామె ఒకరోజు, “ఏమే, మీవోడు నడిస్తే మడికయ్యలో కొంగ నడిసినట్టుండాదే!” అనింది. అంతే. ఆ రోజు మొదలు ఇద్దరికీ పడదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ కొంగ మాట మళ్ళీ లేచింది. పాట మారింది. నగరి ఆమె చోటు మారకుండా వెనక్కి తిరిగి పెద్దామెను దులిపేస్తోంది, మిగతావాళ్ళు పని వదిలి తగువు వింటున్నారు. ఆ సందులో ఒక కుళ్ళు పండు నింపాదిగా మా అందరినీ దాటుకుని మిషన్లోకి పోయింది. తొట్టెడు గుజ్జు పారబోశారు. మేనేజరు వచ్చి బెల్టు ఆపించాడు.

“పాటల్లేవు. చోట్లు మారేదీ లేదు. ఎవురి చోటు వాళ్ళదే. చెయ్యి బిన్నా ఆడేవాళ్ళు మొదట, నిదానంగా ఆడేవాళ్ళు చివర,” అన్నాడు.

నిదానమంటే పెద్దామె. చివర అంటే ఆవిరి గొట్టం. అంటే ఆమె పని మానుకోవాల్సిందేనని అక్కడున్న అందరికీ అర్థమైంది. పెద్దామె కత్తి కడిగి తుడిచి పెట్టుకుంది. నగరి ఆమె నోరు మూతపడడం నేను చూసింది అప్పుడే.

నేను మేనేజరు వెనకాలే పోయి బతిమాలుకున్నాను. ఆ పక్కనే మా ఇంజనీరు ఆవిరి మిషన్ బిగిస్తున్నాడు. అలిపిరి దగ్గర పుట్టి పెరిగినవాడు, ఎప్పుడూ చెవుల్లో వైర్లుండేవి. ఆ వైర్లు తీసి, “సార్, గొడవంతా మాటలతోనే గదా? మాటల్లేని పాటలు పెడితే?” అన్నాడు.

“మాటల్లేకుండా పాటేందబ్బా? కాయ లేకుండా జ్యూసు తీస్తావా?” అన్నాడు మేనేజరు.

“నా దగ్గర శానా ఉండాయి సార్.”

మేనేజరు చెడ్డవాడు కాదు. చెన్నై నుంచి మా సరుకు కొనేవాళ్ళు ఫ్యాక్టరీ చూడడానికి రాబోతున్నారు. ఆ రోజు దాకా ఇంజనీరు చెప్పినట్టే నడపండి, ఆ రోజు బెల్టు సక్రమంగా నడిస్తే పాటలూ ఉంటాయి, చోట్లు మారడమూ ఉంటుంది, లేకపోతే నేను చెప్పిందే, అన్నాడు. వేంకటేశ్వరుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మరునాడు ఇంజనీరు తన ఫోను తెచ్చి స్పీకరుకు కలిపాడు. ఈ రకాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని, వాళ్ళ నాయన వయసులో ఉన్నప్పుడు విదేశాల్లో ఇలాంటివి బాగా వాయించేవాళ్ళని, అప్పట్లో రికార్డుకు ఒక పక్క మొత్తం ఒకే పాట పట్టేదని చెప్పాడు. మేము బుద్ధిగా తలలూపాము. పాట మొదలైంది. గాలి వీచినట్టు ఒక శబ్దం. దాని వెనక ఆర్మోనియం మాదిరి ఏదో సన్నగా. తర్వాత గిటారు. డోలు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

“పాట యెప్పుడు మొదులవుతాదక్కా?” అని అడిగింది ఒకమ్మాయి.

“ఇదే పాటంట.”

“పాడేవాడు రాలేదేమో. బస్సు దొరికిండదు పాపం,” అనింది పెద్దామె. అందరూ ఘొల్లుమన్నారు.

నవ్వనిది నగరి ఆమె ఒక్కతే. పాట మొదలయ్యేటప్పటికి గొట్టం పక్కన ఉన్నది ఆమే మరి. పాట అవ్వదు, చోటు మారదు. చెమట కారిపోతోంది. “అయ్యో సామీ, ఇది పాటా, తిరుమల క్యూనా?” అని మొత్తుకుంది. కాసేపటికి డోలు ఆగిపోయి పిల్లనగ్రోవి ఒక్కటే వినిపించింది. వెంటనే ఆమె కత్తి ఎత్తి పట్టుకుంది.

“మారింది! పాట మారింది! జరగండమ్మా, నేను వస్తా ఉండాను!”

“యాడ మారింది? అదే పాట ఇది,” అన్నారు బెల్టు మొదట్లో ఉన్నవాళ్ళు. ఫ్యాను కింద ఉన్నవాళ్ళకు ఎందుకు మారుతుంది?

“సెవులుండాయా మీకు? ముందు డోలు, ఇప్పుడు పిల్లనగ్రోవి. వేరే పాట!”

“చిటికెనవేలు, బొటనవేలు వేరే అయితే చెయ్యి రెండవుతాదా? ఒకటే పాట.”

అందరూ నా మొహం చూశారు. ఇంజనీరును అడుగుదామంటే అతను బాయిలరు దగ్గర ఉన్నాడు. అప్పుడు నాకు తిరుచానూరు గుర్తొచ్చింది. అమ్మవారు వాహనం మీద బయలుదేరితే సన్నాయి, డోలు ముందు నడిచేవి. నేను అంగడిలో దండ కట్టుకుంటూ కంటికి కనబడకపోయినా చెవితోనే చెప్పేదాన్ని, ఇప్పుడు ఈ వీధిలో ఉంది, ఇప్పుడు మలుపు తిరిగింది, ఇప్పుడు హారతి దగ్గర ఆగింది అని. మలుపు తిరగగానే సన్నాయి తీరు మారేది. కానీ అది వేరే ఊరేగింపు అయిపోదు కదా.

“పాట ఒకటే. మలుపు తిరిగింది. ఈ పొద్దు నుంచి పాట మారితే కాదు, మలుపు తిరిగితే చోటు మారాలి,” అన్నాను.

నగరి ఆమె నా చెంపలు పుణికినంత పని చేసి ఫ్యాను కిందికి పరుగెత్తింది.

అప్పటి నుంచి మాకు వినక తప్పలేదు. వినకపోతే మలుపు తెలియదు, మలుపు తెలియకపోతే చోటు దక్కదు. అలా అవసరం కొద్దీ విన్న పాటను మెల్లగా ఇష్టం కొద్దీ వినడం మొదలైంది. ఎందుకు నచ్చిందని మీరు అడిగితే నాకు తెలిసినంత చెబుతాను. మాటలున్న పాట మనల్ని ఏడవమంటుంది, లేకపోతే ఎగరమంటుంది. ఈ పాట ఏమీ అనదు. పక్కన నడుస్తూ ఉంటుంది. మన ఆలోచనలో మనం కాసేపు మునిగి తిరిగొచ్చినా అది అలిగి వెళ్ళిపోదు, కాస్త ముందుకు నడిచి ఉంటుంది, అంతే. ఎప్పుడో మొదట్లో విన్న చిన్న వరస ఒకటి, మనం మరిచిపోయాక, వేరే వాయిద్యంలో మళ్ళీ పలకరిస్తుంది. తిరునాళ్ళలో చిన్ననాటి స్నేహితురాలు కనబడినట్టుంటుంది అప్పుడు. అందులో ఒక చోట తాళం ఏడు దెబ్బల మీద నడిచేది. ఆ లెక్కకు ఒక విడత కుడిచేయి ముందు పడితే తర్వాతి విడత ఎడమచేయి ముందు పడేది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఒక భుజమే పీకడం మానేసింది. ఇంజనీరుకు ఈ సంగతి చెబితే ఎంత నవ్వాడో!

మాటలు లేవు కాబట్టి ఎవరి కథ వాళ్ళు అల్లుకున్నారు. ఒకామెకు అది మద్రాసు పోయే రైలు. ఇంకొకామెకు వాన. “నాకు మా అత్త యిల్లంతా గొణుక్కుంటా తిరిగినట్టే ఉండాది. ఇదో ఇప్పుడు చెంబులు యెత్తేస్తా ఉండాది సూడు,” అనేది ఒక కొత్తకోడలు డోలు చోట. హీరో లేడు కాబట్టి కొంగ ఊసు లేదు. అయినా పెద్దామె, నగరి ఆమె మాట్లాడుకునేవాళ్ళు కాదు. జరిగేటప్పుడు ఒకరి వెనక ఒకరు, మూతి తిప్పుకుని.

అన్నట్టు, ఇంత ఇష్టమైన పాట ఎట్లా ముగుస్తుందో మాలో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం ఆవిరి ఉధృతంగా ఉండే వేళకు ఈ పాట పెట్టేవాళ్ళం. అది చివరికి వచ్చేలోపల భోజనం సైరను మోగేది. సైరను మోగగానే ఫ్యాన్లు వృథాగా తిరగకూడదని హాలు బోర్డు మొత్తం ఆపేసేవాళ్ళు, దాంతో స్పీకరూ ఆగిపోయేది. ఆకలి వేళ ఎవరు ఆగి వింటారు? టిఫిను డబ్బాల దగ్గరికి పరుగే.

చెన్నై వాళ్ళు వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే అందరికీ కొత్త టోపీలు ఇచ్చారు. నేను కొండ వైపు మామూలు కంటే ఎక్కువ సేపు దండం పెట్టుకున్నాను. పెద్ద పాట సగం దాటింది. మేనేజరు ముందు నడుస్తుంటే వచ్చినవాళ్ళు హాల్లోకి అడుగు పెట్టారు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

బెల్టు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, పాటా ఆగింది. జనరేటరు అందుకోవడంతో బెల్టు కదిలింది. కానీ మా జనరేటరు మిషన్లకే, హాలు బోర్డుకు లేదు. ఫ్యాను లేదు, పాట లేదు. పండ్లు మాత్రం వస్తున్నాయి. మలుపు తెలిసేదెట్లా? మేనేజరు చూపు నా మీద ఉంది.

“ఊఁ... ఊఁ... ఊఁ...” అని ఎవరో మొదలుపెట్టారు. చూస్తే ఆ కొత్తకోడలు. పాట ఆగిన చోటు నుంచే వరస ఎత్తుకుంది. పక్కనామె “ధిం ధిం తక” అనింది. ఇంకొకామె పెదాలు బిగించి గిటారు లాగింది. వినడానికి ఎట్లా ఉందో చెప్పలేను, మా గిటారుకు జలుబు చేసినట్టుందని మాత్రం చెప్పగలను. అయినా ఏడు దెబ్బలు తప్పలేదు. మలుపు వచ్చింది, అందరం ఒక చోటు జరిగాము. ఇంకో మలుపు, మళ్ళీ జరిగాము. చేతులు ఆగలేదు. చెన్నై నుంచి వచ్చినవాళ్ళలో ఒకాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

మాకు తెలిసిన ఆఖరి మలుపు దగ్గర గొట్టం పక్కకు చేరింది పెద్దామె. ఇక సైరను మోగాలి. మోగలేదు. వచ్చినవాళ్ళు చూడడం పూర్తయ్యేదాకా సైరను వేయవద్దని మేనేజరు చెప్పి ఉన్నాడట. మాకు తెలిసిన పాట అయిపోయింది. ఆ తర్వాత ఏముందో ఎవరికీ తెలియదు. ఉన్న వరసనే మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాము. ఫ్యాను లేని హాలు, పక్కన ఆవిరి. పెద్దామె ఒక చేత్తో పండు తీస్తూ ఇంకో చేత్తో బెల్టు అంచు పట్టుకుంది. కాళ్ళు నిలవడం లేదని నాకు తెలిసిపోయింది. ఆపమంటే మేనేజరు చెప్పిందే ఖాయమవుతుంది. ఆపకపోతే మనిషి పడిపోతుంది. గోవిందా, ఏదో ఒకటి చెయ్యి, అనుకున్నాను.

అప్పుడు ఆమె వెనక నిలబడిన నగరి ఆమె కత్తి పిడితో ట్రే మీద ఠంగుమని ఒక దెబ్బ వేసింది. పాట మొదట్లో వచ్చే ఆ చిన్న వరసను, గొంతు రెండింతలు చేసి, పైస్థాయిలో ఎత్తుకుంది. “తానె నానే నా...” అని. అరవంలో తాలాట్టు పాడినట్టు ఉంది, జోలపాటన్నమాట.

“మలుపు!” అని కేక పెట్టింది. “నిలబడుకుంటే యెట్లా? జరగండి!”

జరిగాము. పెద్దామె తడుముకుంటూ బెల్టు మొదటికి వచ్చింది. నేను స్టూలు ముందుకు జరిపి, నీళ్ళ చెంబు అందించాను. నగరి ఆమె ఆవిరిలోకి అడుగు పెట్టి, పాడుతూ, పండు చెక్కుతూ ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె ఇంకో మలుపు వేయలేదు. సైరను మోగేదాకా వేయలేదు.

చెన్నై ఆయన మేనేజరును అడిగాడు, “పాట అయిపోయిందా?” అని. మేనేజరు మా వైపు చూశాడు.

“ఇంకా ఉండాది సార్. మీరు పోయి కాపీ తాగి రాండి,” అనింది నగరి ఆమె, చెమట తుడుచుకోకుండానే.

ఆ పూట ఒక్క కుళ్ళు పండు కూడా దాటలేదు. సాయంత్రం మేనేజరు వచ్చి, “స్పీకరు వైరు కూడా జనరేటరుకు కలిపించేస్తాను. మీ గిటారు నేను ఇంకోసారి వినలేను,” అన్నాడు. మాకు కావలసిన జవాబు అదే.

అంతకు ముందే, మధ్యాహ్నం భోజనం దగ్గర పెద్దామె తన డబ్బాలోని ఊరగాయ తీసి నగరి ఆమె మూతలో వేసింది.

“ఏమే, నిజంగా ఆడ మలుపుండాదా?”

“ఉండాది. నీకు యినపడదు. సెవిటిదానివి.”

“మీ కొంగ మీద ఒట్టేసి చెప్పు.”

“కొంగ మాట యెత్తినావంటే మళ్ళీ గొట్టం కాడికి తోస్తా!”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఊరగాయ బాగుందని మాత్రం నగరి ఆమె ఒప్పుకోలేదు. రెండోసారి వేయించుకుంది.

పెద్దామె ఆ తర్వాత కూడా ఓపిక ఉన్నన్నాళ్ళు చేసి, తన ఇష్టంతోనే మానుకుంది. నేను మానుకునే రోజు ఇంజనీరు ఆ పాటను నా ఫోనులో వేసి ఇచ్చాడు. “ఈసారి చివరిదాకా వినక్కా,” అన్నాడు. ఇంట్లో దీపం పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని విన్నాను. సైరను మోగే చోటు రాగానే అలవాటు కొద్దీ లేచి టిఫిను డబ్బా కోసం వెతికాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. ఆ తర్వాత ఏముందని? మలుపు లేదు. అదే వరస, తిన్నగా, పొడుగ్గా, ఉత్సవం ముగించుకుని అమ్మవారు గుడి వైపు వస్తున్నట్టు, మెల్లమెల్లగా దగ్గరై ఆగిపోయింది. చాలా బాగుంది. కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆ లెక్క ప్రకారమైతే పెద్దామె ఆ రోజు ఆవిరి దగ్గరే ఉండిపోవలసింది.

నగరికి ఫోను చేశాను. “మే, నీ మలుపు పాటలో లేదు.”

“తెల్సులేక్కా,” అనింది. “పాట కట్టినోళ్ళ పక్కన కండ్లు తిరిగి పడేవాళ్ళు యెవురూ ఉండిండరు. ఉండింటే వాళ్ళూ పెట్టుంటారు.”

ఇప్పుడు మధ్యాహ్నం వంట చేసేటప్పుడు ఆ పాట పెట్టుకుంటాను. మొన్న మా కోడలు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, “ఏందత్తా, వంకాయలు కోస్తా కోస్తా పక్కకు జరిగిపోతా ఉండావు?” అని అడిగింది. “మలుపొచ్చింది,” అన్నాను. చివర్లో, పాటలో ఏ మలుపూ లేని ఆ చోట, ఇంకో అడుగు జరిగాను.